కుర్చీలోంచి లేవడం: ఒక రిటైర్డ్ ఫిజియోథెరపిస్టు అనుభవ పాఠాలు

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో అల్జీమర్స్ ఉన్నవాళ్లను ఫిజియోథెరపీకి ఎవరూ పంపేవారు కాదు. పక్షవాతం వచ్చినవాళ్లు, మెడ పట్టేసినవాళ్లు, మోకాళ్లు అరిగినవాళ్లు వచ్చేవారు. మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్లు మా దాకా రావాలంటే ముందు బాత్రూంలో జారిపడి తుంటి విరగాలి. ఆపరేషన్ అయ్యాక నడిపించమని పంపితే, అప్పుడు బయటపడేది అసలు సంగతి. వాళ్లకు పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి గుర్తుండదు, ఆపరేషన్ అయిందన్న విషయమే తెలియదు. వీళ్లను పడకముందే పంపి ఉంటే ఎంత బాగుండేది అనుకుంటూ గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇళ్లకు తిరిగాను. రిటైరయ్యాక కూడా ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉన్నారు. విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది, అందుకే ఇక్కడ రాసిపెడుతున్నాను. వరుసకు పెద్ద అర్థమేమీ లేదు.

1. జ్ఞాపకం తిరిగొస్తుందని ఎవరికీ మాటివ్వను

మొదటిరోజు ప్రతి ఇంట్లోనూ ఇదే అడుగుతారు: "మేడమ్, ఎక్సర్‌సైజులు చేయిస్తే నాన్నగారికి మళ్లీ అన్నీ గుర్తుకొస్తాయా?" రావు. ఈ మాట నాన్చి చెప్పడం నాకు చేతకాదు.

వాట్సాప్‌లో తిరిగే ఆ ఆశ ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. అమెరికాలో 120 మంది పెద్దవాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టును ఏడాదిపాటు వారానికి మూడు రోజులు చురుగ్గా నడిపించారు. ఫలితాలు 2011లో వచ్చాయి. నడిచినవాళ్ల మెదడులో హిప్పోకాంపస్, అంటే కొత్త సంగతులు ముందుగా నమోదయ్యే చోటు, సుమారు 2 శాతం పెరిగింది. నిజమే. కానీ ఆ 120 మందిలో ఎవరికీ డిమెన్షియా లేదు. ఈ ఆఖరి వాక్యం మాత్రం ఫార్వర్డ్ అవదు.

జబ్బు వచ్చాక లెక్క వేరు. బ్రిటన్‌లో డిమెన్షియా ఉన్న 494 మందిని తీసుకుని, వాళ్లలో ఎక్కువమందికి నాలుగు నెలలు జిమ్‌లో సైకిల్ తొక్కించారు, బరువులెత్తించారు. 2018లో ఫలితాలు అచ్చయ్యాయి. ఒంట్లో సత్తువ పెరిగింది. ఆలోచన, జ్ఞాపకం మెరుగుపడలేదు. ఏడాది చివర పరీక్ష పెడితే వ్యాయామం చేసినవాళ్లకు చేయనివాళ్లకంటే మార్కులు కాస్త తక్కువే వచ్చాయి కూడా. తేడా చిన్నది, దాన్ని చూసి బెదిరిపోనక్కర్లేదు. దాచిపెట్టనూ అక్కర్లేదు.

ఇది వినగానే కొన్ని ఇళ్లలో మొహాలు వాడిపోతాయి. అయినా చెప్తాను. జ్ఞాపకం కోసం మొదలుపెట్టినవాళ్లు రెండు నెలలు చూసి, "ఏం లాభం లేదండీ" అని మానేస్తారు. అప్పటికే కాళ్లలో వచ్చిన లాభాన్ని వాళ్లు చూడనే చూడరు.

2. నేను చూసేది కుర్చీలోంచి లేవడం

ఇంట్లోకి వెళ్లగానే బీపీ కంటే ముందు నేను గమనించేది ఇదే. పెద్దాయన చేతులు ఆనించకుండా లేస్తున్నారా, ఆనించి లేస్తున్నారా, ఎవరైనా రెక్క పట్టుకుంటే తప్ప లేవలేకపోతున్నారా?

సొంతంగా లేచి బాత్రూంకి వెళ్లగలిగినన్నాళ్లు ఆ ఇంట్లో రోజు ఒకలా గడుస్తుంది. లేవలేని రోజు నుంచి ఇంకోలా గడుస్తుంది. ఇద్దరు మనుషులు కావాలి, డైపర్లు కావాలి, రాత్రి నిద్ర ఎవరికీ ఉండదు, వీపున పుండ్లు పడతాయేమోనన్న దిగులు మొదలవుతుంది. జబ్బు ముదిరేకొద్దీ ఆ రోజు రాక తప్పదు. దాన్ని వెనక్కి నెట్టడానికి వ్యాయామం పనికొస్తుంది.

ఈ మాటకు నాకు బలమిచ్చింది ఫిన్లాండ్‌లో చేసిన అధ్యయనం. అల్జీమర్స్ ఉండి, భార్యతోనో భర్తతోనో ఇంట్లోనే ఉంటున్న 210 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టువాళ్ల ఇళ్లకు ఫిజియోథెరపిస్టు వారానికి రెండుసార్లు వెళ్లి గంటసేపు చేయించారు, ఏడాదిపాటు. ఇంకో జట్టు అంతే తరచుగా ఒక కేంద్రానికి వచ్చి గుంపుగా చేసింది. మూడో జట్టుకు మామూలు వైద్యమే. 2013లో అచ్చయిన ఫలితం ఇది: మూడు జట్లలోనూ శక్తి తగ్గింది, కానీ ఇంటి దగ్గర చేసినవాళ్లలో నెమ్మదిగా తగ్గింది. వ్యాయామం చేసిన రెండు జట్లలోనూ కిందపడటాలు తక్కువ. అంత చేసినా మొత్తం ఖర్చేమీ పెరగలేదు.

ఇంటి దగ్గర చేసినవాళ్లకే ఎక్కువ మేలు జరగడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. అల్జీమర్స్ ఉన్నవాళ్లు ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోటికి తీసుకెళ్లలేరు. నా క్లినిక్‌లో మెట్టెక్కడం బాగా చేసిన మామ్మగారు వాళ్లింటి గడప దగ్గర ఆగిపోయేవారు. అందుకే ఆ గడప దాటడమే ఆవిడకు వ్యాయామం చేశాను. ఆ మంచం మీంచి లేవడం, ఆ వరండా చివరిదాకా వెళ్లి రావడం, ఆ బాత్రూంలో కమోడ్ మీద కూర్చుని లేవడం. పరికరాల పెట్టె తెరిచే పనే ఉండేది కాదు.

3. చేయించవలసినవి నాలుగే

కుర్చీలో కూర్చుని లేవడం. వంటగట్టు పట్టుకుని మడమలెత్తి మునివేళ్ల మీద నిలబడటం. గట్టు పట్టుకునే పక్కకు అడుగులు వేయడం. నిలబడిన చోటే మోకాళ్లెత్తుతూ కవాతు. వీటికి తోడు నడక.

కుర్చీ కర్రది కావాలి, చేతులున్నది కావాలి, గోడకు ఆనించి పెట్టాలి. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద వెనక్కి జారుతుంది, వద్దు. పెద్దవాళ్లు వారానికి 150 నిమిషాలు ఒళ్లు కదిలించాలని, మూడు రోజులైనా బ్యాలెన్స్ కుదిరే కసరత్తులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ అంకె చూసి కంగారుపడకండి. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు చేయించే ఇల్లు, మొదటివారం గంట చేయించి రెండోవారం మానేసే ఇంటికంటే చాలా నయం.

4. వ్యాయామం అని పేరు పెట్టకండి

"రండి మామ్మగారూ, ఎక్సర్‌సైజ్ చేద్దాం" అంటే సగం మంది రారు. "నాకేం జబ్బు?" అంటారు. వాళ్ల దృష్టిలో జబ్బు లేదు మరి. "ఈ బట్టలు ఆరేయాలి, ఒక్క చెయ్యి వేయండి" అంటే లేచి వస్తారు.

అల్జీమర్స్ ముందుగా దెబ్బతీసేది నిన్నటి సంగతుల్ని, పేర్లని, తారీఖుల్ని. చేతులకు, కాళ్లకు ఏళ్ల తరబడి అలవాటైన పనులు మెదడులో వేరే చోట్ల, చిన్నమెదడులోనూ మెదడు లోతుల్లోని మరికొన్ని భాగాల్లోనూ ఉంటాయి. వాటి జోలికి జబ్బు చాలా ఆలస్యంగా వెళ్తుంది. కూతురి పేరు గుర్తుకు రాక తడుముకునే ఒక అమ్మ, చపాతీ పిండి ముందు పెడితే ఎవరూ చెప్పకుండానే తడిపి, పిసికి, ఉండలు చేసేవారు. భుజాలకు, మణికట్లకు అంతకంటే మంచి కసరత్తు నేను చెప్పలేను. తీగ మీద బట్టలేస్తే చేతులు తలపైకి లేస్తాయి. మొక్కలకు చెంబుతో నీళ్లు పోస్తే వంగి లేవడం అవుతుంది. ముగ్గు వేయించొచ్చు, నేల మీద కూర్చుని లేవగలిగితేనే సుమా. వ్యవసాయం చేసిన తాతగారొకరు పార్కులో నడవడానికి ససేమిరా అనేవారు. పొలం గట్టు మీదికి తీసుకెళ్తే ఎవరూ చెప్పకుండానే చివరిదాకా నడిచి, నీళ్లెంత పారాయో చూసి వచ్చేవారు.

గుడి ప్రదక్షిణ నాకు బాగా నచ్చిన వైద్యం. దారి తెలిసిందే, ఎటు తిరగాలో సందేహం లేదు, చుట్టూ అందరూ అటే నడుస్తుంటారు. ఎన్ని చుట్లు అయ్యాయో లెక్క తప్పినా దేవుడేమీ అనుకోడు. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం ఆ రాళ్ల మీద వట్టికాళ్లతో నడిపించకండి. మధుమేహం ఉంటే కాళ్లు కాలినా తెలియదు, తెలిసినా వాళ్లు చెప్పలేరు.

పాట కూడా పనికొస్తుంది. కోలాటం ఆడిన చేతులకు రెండు కర్రలిచ్చి చూడండి.

5. చెప్పడం తగ్గించి చేసి చూపించండి

ఎదురుగా నిలబడి మీరు చేస్తే వాళ్లు చూసి చేస్తారు. వెనకనుంచి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడతారు. ఒకసారికి ఒకే మాట. "ముందుకు జరిగి, కాళ్లు వెనక్కి పెట్టి, వంగి లేవండి" అంటే నాలుగు పనులు చెప్పినట్టు, అందులో ఏదీ జరగదు. "ముందుకు జరగండి." ఆగండి. జరిగాక తర్వాతి మాట.

ఆగడమే కష్టం. జవాబు రావడానికి వాళ్లకు మనకంటే ఎక్కువసేపు పడుతుంది. ఆ లోపల కోడలు ఇంకోసారి చెప్తుంది, కొడుకు గొంతు పెంచి మూడోసారి చెప్తాడు, పెద్దాయనకు మొదటిది కూడా పోతుంది.

ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ గారు ఎవరు ఏం చెప్పినా లేచేవారు కాదు. వాళ్ల మనవడు ఆటగా "సావధాన్!" అని అరిస్తే నిటారుగా నిలబడ్డారు. ఆ తర్వాత ఆ ఇంట్లో పెరేడ్ జరిగింది, మనవడే కమాండరు.

మధ్యలో "నేనెవరో చెప్పండి చూద్దాం" అని పరీక్షలు పెట్టకండి. కాళ్ల కసరత్తుకు ఆ ప్రశ్నతో పనేముంది?

6. నడుస్తుంటే మాట్లాడించకండి

1997లో స్వీడన్‌లో వృద్ధాశ్రమవాసుల్ని గమనించి ఒక సంగతి రాశారు. నడుస్తుండగా మాట కలిపితే, జవాబివ్వడానికి నడక ఆపేసేవాళ్లు తర్వాతి నెలల్లో ఎక్కువగా కిందపడ్డారు. నడక, మాట రెండింటికీ సరిపడా ధ్యాస వాళ్ల దగ్గర మిగల్లేదన్నమాట. మీ ఇంట్లో పెద్దవాళ్లు అలా ఆగిపోతుంటే గోడవైపు వాళ్లను, బయటివైపు మీరు ఉండి నడిపించండి. కబుర్లు కూర్చున్నాక. ఫోన్ జేబులో.

7. హవాయి చెప్పులు తీసేయండి

మడమ వెనక పట్టీ ఉన్నవి కొనండి. బాత్రూం ముందు పాత చీర మడిచి పట్టాగా వేస్తారు చూడండి, అది కూడా తీసేయండి.

8. ట్రెడ్‌మిల్ వద్దు

అమెరికా నుంచి కొడుకు డబ్బు పంపుతాడు, ట్రెడ్‌మిల్ వస్తుంది. కాళ్ల కింద నేల కదలడం అల్జీమర్స్ ఉన్న మనిషికి అర్థం కాదు, ఆపమని చెప్పడానికి మాట అందదు. నేను చూసిన ట్రెడ్‌మిల్స్ మీద తువ్వాళ్లు బాగా ఆరుతున్నాయి.

ఆ కొడుక్కి ఏమైనా చేయాలని ఉంటే, రోజూ ఒకే వేళకు వీడియో కాల్‌లో ఎదురుగా నిలబడి అమ్మతో పాటు మడమలెత్తమని చెప్తాను. ఇద్దరు ముగ్గురు నిజంగా చేస్తున్నారు, డల్లాస్ నుంచి ఒకరు.

9. సాయంత్రం నాలుగున్నర

పొద్దు వాలేకొద్దీ చాలామందిలో అలజడి పెరుగుతుంది. ఇల్లంతా తిరగడం, తలుపు లాగడం, సొంత ఇంట్లోనే ఉండి "ఇంటికెళ్తా" అనడం. తలుపుకు తాళం వేస్తే కోపం రెట్టింపవుతుంది. ఆ వేళ రాకముందే, వెలుగుండగానే, బయటికి తీసుకెళ్లి నడిపించి తీసుకురండి. అందరికీ పనిచేయదు. పనిచేసిన ఇళ్లలో రాత్రి నిద్ర కూడా కాస్త కుదుటపడింది.

డెన్మార్క్‌లో మొదటి దశ అల్జీమర్స్ ఉన్న 200 మందిని తీసుకుని, సగం మందితో 16 వారాలు, వారానికి మూడుసార్లు గట్టిగానే వ్యాయామం చేయించారు. 2016లో వచ్చిన ఆ ఫలితాల్లోనూ జ్ఞాపకానికి మొత్తం మీద తేడా కనబడలేదు గానీ చిరాకు, ఉదాసీనత వంటి మనసు బాధలు వ్యాయామం చేసినవాళ్లలో తక్కువగా ఉన్నాయి. రోజంతా పక్కనుండే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

మే నెలలో మాత్రం నాలుగున్నర మాట మర్చిపోండి. రెంటచింతల ఎండల్లో కుర్రవాళ్లే పడిపోతారు. పొద్దున ఏడు లోపల ముగించండి, లేదంటే ఇంట్లోనే ఫ్యాను కింద ఈ గది నుంచి ఆ గదికి. దాహం వేస్తోందని వాళ్లు చెప్పరు. నడకకు ముందు, తర్వాత మజ్జిగో నీళ్లో చేతికివ్వండి, తాగేదాకా పక్కనుండండి.

బయటికి వెళ్లేటప్పుడు జేబులో పేరు, ఫోన్ నంబరు రాసిన కార్డు ఉండాలి. మీరు పక్కనే ఉన్నా ఉండాలి. తప్పిపోతే చుట్టాలకు వరుసగా ఫోన్లు చేస్తూ కూర్చోకండి, ముందు 112.

10. నిన్న నడిచినవాళ్లు ఇవాళ లేవకపోతే అది మొండితనం కాదు

మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పంటినొప్పి, కాలిగోరు గుచ్చుకోవడం, ఎవరూ చూడనప్పుడు పడి తగిలిన దెబ్బ. ఇవన్నీ నేను చూశాను. నొప్పి ఉందని చెప్పలేని మనిషి కదలనని భీష్మించుకుంటాడు. మొహం చూడండి, లేచేటప్పుడు కనుబొమలు ముడుస్తున్నారా? ఒక్కసారిగా మార్పు వస్తే వ్యాయామం ఆపి డాక్టరుకు చూపించండి.

మొదలుపెట్టేముందు కూడా ఒకసారి చూపించాలి. డోనెపెజిల్ మాత్ర కొందరిలో నాడి వేగం తగ్గిస్తుంది, కళ్లు తిరగొచ్చు. బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు వేసుకునేవాళ్లు మంచం మీంచి దిగ్గున లేస్తే తూలుతారు. అందుకని కూర్చోబెట్టి, కాసేపు పాదాలు ఆడించి, అప్పుడు లేపాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లను పరగడుపున నడిపించకండి. ఊపిరి బిగబట్టే ప్రాణాయామాలు, తలకిందుల ఆసనాలు టీవీలో ఎవరు చూపించినా మీకు అక్కర్లేదు.

11. చేయించే మనిషికి కూడా ఒళ్లుంటుంది

నాకు ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది కోడళ్లు, కూతుళ్లు, భార్యలు. మన దేశంలో 60 దాటినవాళ్లలో 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అచ్చయిన అంచనా. అంటే దాదాపు అన్ని లక్షల ఇళ్లలో ఒక ఆడమనిషి నడుం నొప్పితో తిరుగుతోందని నా లెక్క.

చాలామంది పెద్దవాళ్లను చంకల కింద చేతులు పెట్టి, లేదా మణికట్టు పట్టుకుని లాగి లేపుతారు. వాళ్ల భుజం జారుతుంది, మీ నడుం పడుతుంది. పెద్దవాళ్లను కుర్చీ అంచుకు జరిపి, పాదాలు మోకాళ్లకంటే వెనక్కి పెట్టించి, "ముక్కు ముందుకు" అని చూపించండి. బరువు పాదాల మీదికి వస్తే వాళ్లే లేస్తారు. మీ చెయ్యి వీపు మీద ఆసరాగా ఉంటే చాలు. నడిపించేటప్పుడు పట్టుకోవడానికి నడుముకు కట్టే బెల్టులు సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి. ఒకటి కొనండి, వాడే పద్ధతి ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకోండి.

అమెరికాలోని సియాటిల్‌లో 153 జంటలతో, అంటే జబ్బు మనిషి, చూసుకునే మనిషి కలిపి, చేసిన ప్రయత్నం 2003లో అచ్చయింది. అక్కడ సగం జంటలకు వ్యాయామంతో పాటు, చిరాకుపడే మనిషితో ఎలా మెలగాలో కూడా చూసుకునేవాళ్లకు నేర్పారు. మూడు నెలలకే జబ్బు మనుషుల ఒంట్లో సత్తువ పెరిగింది, మనసులో దిగులు తగ్గింది. నా అనుభవం కూడా దాన్నే బలపరుస్తుంది. నేను వారానికి రెండుసార్లు వెళ్లినందుకు కాదు, నేను వెళ్లిపోయాక కోడలు చేయించినందుకు కాళ్లు నిలబడ్డాయి.

అందుకే ఆ కోడలికి రోజూ అరగంట బయటికి వెళ్లే వీలు కల్పించమని మగవాళ్లకు చెప్తాను. మీ అమ్మ చేత నాలుగు కసరత్తులు మీరు చేయించండి, మీ భార్య నడిచి వస్తుంది. కొన్ని ఇళ్లలో ఈ మాట అన్నాక మళ్లీ నన్ను పిలవలేదు.

12. మంచం పట్టాక కూడా ఆపకండి

ఆఖరి దశలో ఉద్దేశం మారుతుంది. కీళ్లు బిగుసుకుపోకుండా, చర్మం చితకకుండా చూడటమే అప్పటి వ్యాయామం. రోజుకు రెండుసార్లు భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్లు, తుంటి, మోకాలు, చీలమండ ఒక్కొక్కటీ నెమ్మదిగా, వెళ్లినంత దూరమే, కదపండి. బిగపట్టినచోట బలవంతం చేయకండి, కాసేపు ఆగితే వదులవుతుంది. పిడికిలి ముడుచుకుపోతుంటే గుడ్డ చుట్టి అరచేతిలో పెట్టండి, లేకపోతే గోళ్లు గుచ్చుకుంటాయి. రెండు గంటలకోసారి పక్క మార్చండి. గాలి పరుపు ఉంది కదా అని ఇది మానకండి.

కూర్చోగలిగినన్నాళ్లు భోజనం మాత్రం మంచం మీద పడుకోబెట్టి పెట్టొద్దు. కాళ్లు కిందికి వేలాడేసి, వీపు వెనక దిండ్లు పెట్టి, తల కాస్త ముందుకు వంచి తినిపించండి. కూర్చోవడానికి వీపు పడే శ్రమ కూడా ఆ దశలో వ్యాయామమే. మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ తగ్గుతుంది. తిన్నాక అరగంటైనా అలాగే కూర్చోబెట్టి ఉంచండి.